మూతపడని రెప్పకు కణత కండరం

ముఖానికి పక్షవాతం వస్తే ఇంట్లోవాళ్లు మొదట చూసేది మూతిని. నవ్వితే ఒక పక్కకు లాగుతుంది, పుక్కిలిస్తే నీళ్లు కారిపోతాయి, ప, బ, మ పలకబోతే పెదవులు కలవవు. డాక్టరు మొదట చూసేది కంటిని. మూతి వంకర మనిషిని బాధపెడుతుంది, నలుగురిలోకి రానివ్వదు. మూతపడని కన్నయితే చూపునే పోగొడుతుంది. అందుకే ముఖ పక్షవాతానికి చేసే ఆపరేషన్లలో రెప్ప మూయించే ఆపరేషన్‌దే మొదటి స్థానం. ఛత్తీస్‌గఢ్‌లో దానికి ఇంకో కారణం కూడా ఉంది. దేశంలో కుష్ఠువ్యాధి ఎక్కువగా మిగిలి ఉన్న రాష్ట్రాల్లో అదొకటి. ఆ వ్యాధి ముఖంలో ముందుగా దెబ్బతీసేది రెప్పను మూసే నరాన్నే.

ముఖకవళికలన్నింటినీ నడిపేది ఏడో కపాల నరం. అది మెదడు కాండం నుంచి బయల్దేరి, వినికిడి నరంతో పాటు చెవి ఎముకలోకి దూరుతుంది. అక్కడ సన్నటి ఎముక గొట్టంలో సుమారు 3 సెంటీమీటర్ల మేర మెలికలు తిరిగి చెవి తమ్మె వెనక బయటపడుతుంది. తర్వాత చెవి ముందున్న లాలాజల గ్రంథిలోకి వెళ్లి కొమ్మలుగా చీలుతుంది. ఒకటి నుదుటికి, ఒకటి కంటికి, మిగతావి బుగ్గకు, కింది పెదవికి, మెడకు వెళతాయి. కంటి చుట్టూ గుండ్రంగా ఉండే కండరం రెప్పను మూస్తుంది. దాన్ని ఆడించేది ఈ నరమే. రెప్పను పైకెత్తే కండరం వేరు, దాని నరమూ వేరు; అది మూడో కపాల నరం. ఏడోది చచ్చుబడినా మూడోది తన పని తాను చేస్తూనే ఉంటుంది కాబట్టి కన్ను తెరుచుకునే ఉండిపోతుంది. వైద్యులు ఈ స్థితిని లాగాఫ్తాల్మస్ అంటారు. గ్రీకు భాషలో కుందేలు కన్ను అని అర్థం. కుందేలు కళ్లు తెరుచుకునే నిద్రపోతుందని పూర్వం నమ్మేవారు.

ముఖ పక్షవాతమంతా ఒకటే జబ్బు కాదు. అందులో ఎక్కువగా కనిపించేది బెల్స్ పాల్సీ. ఈ నరం గురించి 1821లో లండన్ రాయల్ సొసైటీకి వివరించిన స్కాట్లాండ్ వైద్యుడు చార్లెస్ బెల్ పేరు మీద దానికి ఆ పేరొచ్చింది. ఏటా లక్షమందిలో 15 నుంచి 30 మందికి వస్తుంది. వారిలో దాదాపు 70 శాతం మందికి ఏ మందూ లేకుండానే పూర్తిగా నయమవుతుంది. మొదటి 72 గంటల్లో ప్రెడ్నిసొలోన్ మాత్రలు మొదలుపెడితే బాగుపడేవారు ఇంకా పెరుగుతారు. 2007లో వెలువడిన స్కాట్లాండ్ పరిశోధనలో, తొమ్మిది నెలలు గడిచేసరికి ఈ మాత్రలు వాడినవారిలో 94 శాతం మంది, వాడనివారిలో 82 శాతం మంది కోలుకున్నారు. ఆపరేషన్ దాకా వెళ్లేవారు కొద్దిమందే. నాటు చికిత్సలకు పేరు రావడం కూడా ఈ 70 శాతం వల్లనే. ఉత్తరాది ఊళ్లలో దీన్ని లక్వా అంటారు. మంత్రం వేయించడం, పావురం రక్తం పూయడం ఇంకా కొన్నిచోట్ల ఉన్నాయి. తనంతట తాను తగ్గే జబ్బు తగ్గినప్పుడు గొప్పతనం పావురానికి పోతుంది. ఈలోగా మందు పనిచేసే మూడు రోజులూ గడిచిపోతాయి.

మెదడులో రక్తనాళం మూసుకుపోయి వచ్చే పక్షవాతంలోనూ మూతి వంకరపోతుంది. అప్పుడు నుదురు మాత్రం సాధారణంగా ముడతలు పడుతూనే ఉంటుంది. కనుబొమలు ఎత్తమంటే రెండూ లేస్తాయి. అలా లేచి మూతి మాత్రమే వంకరపోతే, లేదా చెయ్యీ కాలూ కూడా పట్టు తప్పుతుంటే, ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. చెవిలో ఏళ్ల తరబడి చీము కారడం, బండి మీద నుంచి పడి కపాలం పగలడం, చెవి ముందు గ్రంథిలో గడ్డ, చెవి లోపల పొక్కులు లేపే వైరస్, వీటిలో ఏదైనా ఏడో నరాన్ని దెబ్బతీయవచ్చు. ఛత్తీస్‌గఢ్ విషయానికొస్తే అసలు చెప్పుకోవలసింది కుష్ఠు.

కుష్ఠు క్రిమికి చల్లదనం ఇష్టం. అందుకే లోతుగా, వెచ్చగా ఉండే నరాలను వదిలేసి చర్మానికి దగ్గరగా సాగే నరాలను పట్టుకుంటుంది. మోచేతి వెనక నరం, మోకాలి పక్క నరం, ముఖంలో చెంప ఎముక మీదుగా కంటికి వెళ్లే కొమ్మ అలాంటివే. కంటి దగ్గర ఉన్న మచ్చ ఒక్కసారిగా ఎర్రబడి ఉబ్బితే దాన్ని రియాక్షన్ అంటారు. రోజుల్లోనే రెప్ప బలహీనపడవచ్చు. ఇదే వ్యాధి కార్నియా స్పర్శను మోసే ఐదో నరపు కొమ్మను కూడా దెబ్బతీస్తే ప్రమాదం రెట్టింపవుతుంది. మామూలు కంటిలో ధూళి పడితే మండుతుంది, రెప్ప కొట్టుకుంటుంది, నీళ్లు వచ్చి కడిగేస్తాయి. ఈ కంటిలో మంటా లేదు, రెప్పా పడదు. కార్నియా ఎండిపోతుంది, పుండవుతుంది, పుండు మానినచోట తెల్లమచ్చ మిగులుతుంది. నొప్పి లేదు కాబట్టి మనిషి ఆసుపత్రికి రాడు. చూపు మసకబారాక వస్తాడు.

దేశం మొత్తం మీద కుష్ఠు పదివేల మందికి ఒకరికన్నా తక్కువకు దిగిందని భారత ప్రభుత్వం ప్రకటించింది 2005 డిసెంబరు లెక్కల ప్రకారం. ఛత్తీస్‌గఢ్ ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఆ గీతకు పైనే ఉంది. ఇక్కడి వైద్యానికీ పాత చరిత్ర ఉంది. బైతల్‌పూర్ దగ్గరి చంద్‌ఖురీలో మిషనరీలు కుష్ఠు ఆశ్రమం తెరిచింది 1897లో, బిలాస్‌పూర్‌కు తూర్పున చాంపాలో 1902లో. చాంపాలోనే 1962లో, స్వయంగా ఆ వ్యాధిని అనుభవించిన సదాశివ గోవింద్ కాత్రే భారతీయ కుష్ఠ నివారక సంఘాన్ని స్థాపించారు. రాయపూర్ లాల్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వపు ప్రాంతీయ కుష్ఠు శిక్షణ, పరిశోధన సంస్థ 1979 నుంచి ఉంది. తెలుగువారికి ఇది దూరపు సంగతి కాదు. రాయపూర్ రైల్వే కాలనీల్లో, భిలాయి ఉక్కు పట్టణంలో తరాలుగా తెలుగు కుటుంబాలున్నాయి. రాయపూర్ నుంచి జగ్దల్‌పూర్, కోరాపుట్ మీదుగా విజయనగరం వచ్చే పాత 43వ నంబరు జాతీయ రహదారి మీదున్న సాలూరులోనూ ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఉంది.

రెప్ప బలహీనపడి ఆరు నెలలు దాటకపోతే కత్తి అవసరం రాకపోవచ్చు. ప్రెడ్నిసొలోన్ రోజుకు సుమారు 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెలల మీద మెల్లగా తగ్గిస్తారు. కుష్ఠుకు మందులు ఎలాగూ సాగుతుంటాయి. మూడు మందులు కలిపిన ఆ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1982లో సిఫారసు చేసింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పూర్తిగా ఉచితం. ఈ ఆరు నెలల్లో వచ్చిన రోగికి రెప్ప బలం తిరిగి రావచ్చు. తర్వాత వచ్చినవారికి ఆపరేషనే మార్గం. మచ్చ కనిపించిన రోజునే చూపించుకోవాలని ఆరోగ్య కార్యకర్తలు అంతగా పట్టుబట్టేది ఇందుకే.

ఆపరేషన్‌కు ముందు కొన్ని షరతులు చూస్తారు. కుష్ఠు మందుల కోర్సు పూర్తయి ఉండాలి లేదా చాలావరకు వాడి ఉండాలి. గత ఆరు నెలల్లో రియాక్షన్ గానీ నరం వాపు గానీ వచ్చి ఉండకూడదు. పక్షవాతం వచ్చి కనీసం ఆరు నెలలు అయి ఉండాలి. రోగిని నిద్రపోతున్నట్టు మెల్లగా కళ్లు మూయమని, రెప్పల మధ్య మిగిలిన సందును స్కేలుతో మిల్లీమీటర్లలో కొలుస్తారు. తర్వాత గట్టిగా మూయమని మళ్లీ కొలుస్తారు. దూది పోగుతో కార్నియాను తాకి స్పర్శ ఉందో లేదో చూస్తారు. ముక్కు పక్కనున్న కన్నీటి సంచిని నొక్కితే చీము వస్తే ముందు దాని సంగతి చూడాలి. కార్నియా మీద పుండు ఉంటే అది మానాలి. చివరగా కణత మీద అరచెయ్యి ఆనించి పళ్లు బిగించమంటారు. చేతి కింద గట్టిగా ఉబికే కండరం టెంపొరాలిస్. ఆపరేషన్‌కు పెట్టుబడి అదే.

సందు కొద్దిగానే ఉంటే పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు. వదులైన కింది రెప్పను బయటి మూల దగ్గర బిగించవచ్చు, రెండు రెప్పల అంచులను కొంతమేర కలిపి కుట్టవచ్చు. మరో పద్ధతిలో పై రెప్ప చర్మం కింద సుమారు గ్రాము బరువున్న బంగారు బిళ్ల పెడతారు. రెప్పనెత్తే కండరం సడలగానే ఆ బరువుకు రెప్ప కిందికి వాలుతుంది. భూమ్యాకర్షణ మీద ఆధారపడిన పని కాబట్టి పడుకున్నప్పుడు అంతగా మూతపడదు. రాత్రిపూట ఆయింట్‌మెంట్ పెట్టుకోవలసిందే. సందు 5 మిల్లీమీటర్లు దాటితే, లేదా కార్నియాకు స్పర్శ లేకపోతే కణత కండరాన్ని వాడటం మేలు.

ఈ పద్ధతిని 1934లో వివరంగా రాసినవాడు న్యూజిలాండ్‌లో పుట్టిన సర్ హెరాల్డ్ గిలీస్. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు వైద్యం చేస్తూ ప్లాస్టిక్ సర్జరీకి ఒక రూపం తెచ్చినవాడాయన. ఆయన దగ్గర శిక్షణ పొందిన బొంబాయి వైద్యుడు నోషిర్ ఆంటియా ఆ విద్యను కుష్ఠు రోగుల ముఖాలకు తెచ్చారు. దీని వెనకున్న ఆలోచన చాలా తేలికైనది, గొప్పది కూడా. కణత కండరం మనం నమలడానికి వాడేది. దాన్ని నడిపేది ఐదో నరపు శాఖ. అది లోతుగా ఉంటుంది కాబట్టి కుష్ఠు దాని జోలికి రాదు. నమలడానికి దవడ పక్కన ఇంకో బలమైన కండరం ఉండనే ఉంది. కాబట్టి కణత నుంచి ఒక పట్టీ తీసినా తిండికి లోటు రాదు.

మత్తు స్థానికంగా ఇవ్వవచ్చు లేదా పూర్తిగా ఇవ్వవచ్చు. జుట్టులో మచ్చ దాగిపోయేలా కణత మీద కోస్తారు. కండరం నుంచి వేలు వెడల్పు పట్టీని, దాన్ని కప్పి ఉన్న తెల్లటి గట్టి పొరతో సహా లేపుతారు. కండరానికి రక్తమూ నరమూ అందే కింది కొసను మాత్రం తెంపరు. పొర పొడవు చాలకపోతే తొడ పక్క నుంచి అలాంటి పొరే సన్నగా తీసి జోడిస్తారు. ఈ పట్టీని ముందుకు మడిచి, కంటి బయటి మూల దాకా చర్మం కింద సొరంగంలా చేసి లాగుతారు. అక్కడ రెండు పాయలుగా చీలుస్తారు. ఒకటి పై రెప్ప అంచును ఆనుకుని, ఇంకొకటి కింది రెప్ప అంచును ఆనుకుని సాగి, ముక్కు పక్కన కంటి లోపలి మూలలో ఉండే గట్టి స్నాయువుకు చేరతాయి. అక్కడ రెండింటినీ కుట్టేస్తారు. ఇప్పుడు పళ్లు బిగిస్తే కణత కండరం కుదించుకుని, సంచి నోటి తాడు లాగినట్టు రెప్పలను దగ్గరికి లాగుతుంది. బిగువు ఎంత ఉండాలన్నదే సర్జన్ నేర్పంతా. తర్వాత కొంత సడలుతుందని తెలుసు కాబట్టి మొదట కాస్త ఎక్కువే బిగిస్తారు. కట్టు విప్పినప్పుడు కన్ను చిన్నదైపోయిందని రోగి కంగారుపడతాడు. ఆ సంగతి ముందే చెప్పి ఉంచాలి.

మొదటి రెండు మూడు రోజులు తల చుట్టూ కట్టు, కంటి మీద మెత్త ఉంటాయి. రెప్పలు వాచి నల్లగా కములుతాయి. తల ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే వాపు త్వరగా దిగుతుంది. అన్నిటికన్నా కష్టమైన నియమం నమలకపోవడం. కుట్టినచోట పొర అతుక్కునేదాకా, రెండు మూడు వారాలు కణత కండరానికి పూర్తి విశ్రాంతి కావాలి. గంజి, రాగి జావ, మెత్తగా పిసికిన పప్పన్నం, పాలు, గుడ్డు గిలకొట్టిన పులుసు సరిపోతాయి. ఛత్తీస్‌గఢ్ ఇళ్లలో తాగే బియ్యపు జావ పేజ్, మన చద్దన్నం లాంటి బోరే బాసీని మెత్తగా పిసికి తాగినా ఇబ్బంది లేదు. గట్టి రొట్టెలు, శనగలు, మాంసం ముట్టకూడదు. గుట్కా, పొగాకు వల్ల రెండు విధాలా నష్టమే. నమలాలి, పైగా పొగాకు రక్తనాళాలను బిగించి గాయాన్ని మాననివ్వదు. కుట్లు వారం పది రోజుల్లో తీస్తారు.

అసలు పని మూడు వారాల తర్వాత మొదలవుతుంది. ఆపరేషన్ ఇచ్చింది తాడు మాత్రమే. దాన్ని ఎప్పుడు, ఎంత లాగాలో మెదడుకు కొత్తగా నేర్పాలి. ఫిజియోథెరపిస్టు అద్దం ముందు కూర్చోబెడతారు. మొదట పళ్లు మెల్లగా బిగించమంటారు. రెప్ప అంచు చిన్నగా కదిలితే చాలు. అది కనపడగానే రోగి ముఖంలో వచ్చే ఆనందం ఆ గదిలో అందరికీ అర్థమవుతుంది. అప్పటి నుంచి రోజుకు నాలుగైదు సార్లు, ఒక్కోసారికి కొన్ని పదులసార్లు బిగించి వదలాలి. రెండు రెప్పలూ కలిసేదాకా బిగింపు కొద్దికొద్దిగా పెంచుతారు. తర్వాత అదే మూత తక్కువ బలంతో వచ్చేలా సాధన చేయిస్తారు. ఆపైన అద్దం లేకుండా, నడుస్తూ, మాట్లాడుతూ చేయాలి.

మామూలు రెప్ప నిమిషానికి పది పదిహేను సార్లు మనకు తెలియకుండానే కొట్టుకుంటుంది. ఈ రెప్ప అలా కొట్టుకోదు. మనసు పెట్టి పళ్లు బిగించినప్పుడే మూతపడుతుంది. కాబట్టి మూయడాన్ని అలవాటుగా మార్చాలి. రోడ్డు మీద కరెంటు స్తంభం కనిపించినప్పుడల్లా ఒకసారి, మేకకు గడ్డి వేసినప్పుడు, చీపురు పట్టినప్పుడు, పారతో ఒక తట్ట ఎత్తినప్పుడు ఒకసారి. ఇలా ఒక్కో మనిషి పనికి తగ్గట్టు గుర్తులు కట్టిస్తారు. మొదట నవ్వులాటగా ఉన్నా నెలలు గడిచేసరికి ఒంటికి పట్టుకుంటుంది. సాధన చేసినవారి కన్నుకూ చేయనివారి కన్నుకూ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. సాధన లేకపోతే కార్నియాకు రక్షణ సగమే.

రోజుకూలీకి ఈ వారాలన్నీ పని మానడం చిన్న విషయం కాదు. నాట్ల కాలంలో అయితే మరీ కష్టం. జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం కింద ఇలాంటి ఆపరేషన్ చేయించుకున్నవారికి సంక్షేమ భత్యం ఇస్తారు. మొదట 8,000 రూపాయలు ఉండేది, తర్వాత 12,000కు పెంచారు. కూలీ నష్టానికి అది పూర్తి పరిహారం కాకపోయినా, ఇంటికి తొందరగా పోవాలన్న ఒత్తిడిని తగ్గిస్తుంది.

కుష్ఠు కాక వేరే కారణంతో సగం ముఖమంతా చచ్చుబడితే లెక్క మారుతుంది. అక్కడ గడియారమే ముఖ్యం. ప్రమాదంలోనో గడ్డ తీసేటప్పుడో నరం తెగితే దాన్ని వెంటనే కలిపి కుట్టడం అన్నిటికన్నా మేలు. తెగిన కింది ముక్క సుమారు 72 గంటల దాకా విద్యుత్ తాకిడికి స్పందిస్తుంది కాబట్టి వెతికి పట్టుకోవడం తేలిక. మధ్యలో ముక్క పోతే పిక్క వెనకున్న నరం నుంచి అంత ముక్క తెచ్చి అతికిస్తారు. పాదం బయటి అంచు కొంత మొద్దుబారుతుంది, నడకకు ఏమీ కాదు. అతికించిన నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. కండరాన్ని చేరడానికి నెలలు పడుతుంది. ఏడాది, ఏడాదిన్నర దాటితే నరం అందని కండరం తిరిగి పనికిరాదు. అప్పుడు కొత్త కండరం తేవాలి. తొడ లోపలి వైపు గ్రాసిలిస్ అనే సన్నటి కండరాన్ని నాళాలతో, నరంతో తీసి బుగ్గలో అమర్చి, సూక్ష్మదర్శిని కింద తలవెంట్రుక కన్నా సన్నని దారంతో కలుపుతారు. దీన్ని 1976లో జపాన్ సర్జన్ హారీ బృందం ప్రకటించింది. దానికి నమిలే నరాన్ని జతచేస్తే మూడు నాలుగు నెలల్లో కదలిక వస్తుంది, కానీ మొదట్లో పళ్లు బిగిస్తేనే నవ్వు. బాగున్న వైపు నుంచి ముఖం మీదుగా నరాన్ని లాగి జతచేస్తే రెండు ఆపరేషన్లు, మధ్యలో దాదాపు ఏడాది. కానీ నవ్వు మనసుతో పాటు వస్తుంది. పిల్లలకు రెండో దారి, త్వరగా ఫలితం కావలసిన పెద్దలకు మొదటిది ఎక్కువగా ఎంచుకుంటారు.

నరం తిరిగి పెరిగేటప్పుడు దారి తప్పడమూ ఉంది. నవ్వితే కన్ను మూసుకుపోతుంది, అన్నం తింటుంటే కన్నీళ్లు కారతాయి. అద్దం ముందు మెల్లగా, చిన్న చిన్న కదలికలతో చేసే వ్యాయామం, అవసరమైతే బొటులినమ్ ఇంజెక్షన్ దీన్ని అదుపులో ఉంచుతాయి. ముఖాన్ని గట్టిగా, పదేపదే బిగించే వ్యాయామాలు ఈ దశలో చెడే చేస్తాయి.

రాయపూర్‌లో అందరూ మేకాహారా అని పిలిచే అంబేడ్కర్ ఆసుపత్రి, డీకేఎస్ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, 2012లో మొదలైన ఎయిమ్స్ ప్రభుత్వ రంగంలోని పెద్ద ఆసుపత్రులు. ప్లాస్టిక్ సర్జరీ, చెవి ముక్కు గొంతు, కంటి విభాగాలు మూడూ కలిసి చూడవలసిన జబ్బు ఇది. వెళ్లేవారు పాత కాగితాలు, మందుల చీటీలతో పాటు పక్షవాతం వచ్చిన తేదీని రాసి తీసుకెళ్లాలి. ఏ ఆపరేషన్ ఇంకా సాధ్యమో చాలావరకు తేల్చేది ఆ తేదీయే. జబ్బుకు ముందు నవ్వుతూ దిగిన ఫొటో ఒకటి ఉంటే సర్జన్‌కు కొలత దొరుకుతుంది.

కణత కండరంతో రెప్ప అమర్చాక కొన్ని గుర్తులు మిగులుతాయి. కణతలో చిన్న పల్లం, కంటి బయటి మూలలో కొద్దిపాటి ఉబ్బు, అన్నం నమిలేటప్పుడు కన్ను సన్నబడటం వాటిలో కొన్ని. ఏళ్ల మీద పట్టీ సడలితే మళ్లీ బిగించవలసి రావచ్చు. కార్నియాకు స్పర్శ లేనివారు ఆపరేషన్ అయ్యాక కూడా పగలు కళ్లద్దాలు పెట్టుకోవాలి, రాత్రి ఆయింట్‌మెంట్ రాసి శుభ్రమైన గుడ్డ కప్పుకోవాలి. రోజూ ఉదయం అద్దంలో కన్ను ఎర్రబడిందేమో చూసుకోవాలి. అద్దంలో సరిగా కనపడనివారికి ఇంట్లో ఇంకొకరు చూసిపెట్టాలి. ఎరుపు కనిపిస్తే, నొప్పి లేకపోయినా, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.